మందు కలపని షెడ్డు

మొన్న పొద్దున మోమిన్‌పేట్ దగ్గరి మా ఊరి నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. చిన్నాయన ఇక లేడు, గుండె ఆగిపోయిందట. వికారాబాద్‌లో బస్సెక్కి కూర్చున్నాక, మా ఇంటికి ఎప్పుడు పిలిచినా ఆయన చెప్పే జవాబే చెవిలో మోగింది: "కోళ్లున్నయి బిడ్డా, యాడికొస్త?"

మాది గొర్రెలు కాసిన వంశం. చిన్నాయన అప్పు చేసి బ్రాయిలర్ షెడ్డు వేశాడు. కోడిపిల్లలూ దాణా రెండూ కంపెనీవే, పెరిగిన కోళ్లూ కంపెనీవే. షెడ్డూ అప్పూ మాత్రం ఆయనవి. నా పెళ్లికి వచ్చి అక్షింతలు వేసి, అన్నం తినకుండానే వెళ్లిపోయాడు. ఆ కోపం నాకింకా పోలేదు.

నిరుడు కంపెనీ కొత్త దాణా పంపింది. కోడికి ఈకలు రావాలన్నా కండ పట్టాలన్నా మెథియోనిన్ అనే పోషకం ఉండాలి. అంతదాకా ఫ్యాక్టరీలో చేసిన మెథియోనిన్ మందునే దాణాలో కలిపేవారు. దాని బదులు మూలికల పొడి వేసి కొన్ని షెడ్లలో పరీక్ష పెట్టారు. గొర్రెలకు ఆకుమందులు నూరిన మనిషి కదా, చిన్నాయన సంబరపడ్డాడు. కానీ కోళ్ల వీపులు బోడిగానే ఉండిపోయాయి, బరువు రాలేదు. కొన్ని మూలికల పొడులు బాగానే పనిచేస్తాయంటారు. ఇది చేయలేదు.

దాణాలో రైతు ఏదీ కలపకూడదని ఒప్పందం. కంపెనీ సూపర్‌వైజర్ మెత్తని మనిషి. పాత మందు తాండూరులో దొరుకుతుంది, తెచ్చి కలుపుకో, నేను చూడనట్టే ఉంటానన్నాడు. బ్యాచ్ చెడితే మళ్లీ పిల్లల్ని వేయరని చిన్నమ్మ బతిమాలింది.

"నేను కలిపితే గా పొడి మంచిదే అనుకుంటరు. రేపు అందరి షెడ్లకు గదే వస్తది," అన్నాడు చిన్నాయన. ఎవరి కోసం ఈ నిజాయితీ అని నేనూ తిట్టాను. అయినా ఆయన కలపలేదు.

పరీక్ష పెట్టిన మిగతా షెడ్లలో కోళ్లు బాగా వచ్చాయట. లోపం పొడిలో లేదు, పెంపకంలో ఉందని కంపెనీ తేల్చి, ఆయనకు పిల్లల్ని ఇవ్వడం మానేసింది. ఖాళీ షెడ్డును రోజూ ఊడ్చేవాడు. ఇప్పుడు కోళ్లు లేవు కదా, నాలుగు రోజులు మా ఇంటికి రమ్మంటే, రేపు పిల్లల్ని వేస్తారేమో అనేవాడు.

మట్టి కార్యం అయ్యాక, దోమ మండలం నుంచి వచ్చిన ఒక రైతు చిన్నమ్మ ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"వదినా, గా పరీక్షల నేను గూడ ఉంటి. మేమందరం సాటుకు మందు కలిపినం. అన్న ఒక్కడే కలపలే."

చిన్నమ్మ అతని వైపు తిరిగింది.

"గీ మాట మనిషి ఉన్నప్పుడు చెప్తే ఇనేటోడు గద," అంది.

ఇప్పుడు అందరికీ ఆ పొడి దాణాయే వస్తోందని, తానింకా చాటుగా మందు కలుపుతూనే ఉన్నానని అతను తల దించుకొని చెప్పాడు. చిన్నాయనను తలుచుకుంటే నాకు గర్వంగానే ఉంది, కోపమూ వస్తోంది. అతను బండి స్టార్ట్ చేసి, ఆపాడు. చిన్నమ్మ వైపు చూసి మళ్లీ స్టార్ట్ చేశాడు. అక్కడ అతని షెడ్డులో కోళ్లకు దాణా వేసే వేళ దాటిపోతోంది.