కోడి పెట్టని గుడ్డు

కొన్నేళ్లుగా ఒక కోడిగుడ్డు బరువు మోస్తున్నాను. నవ్వాలనిపిస్తే నవ్వండి. మోసేవాడికే తెలుస్తుంది.

కరీంనగర్ కళాశాలలో చర్చావేదిక ఎక్కిన ప్రతిసారీ సత్యం పక్షాన నిలబడ్డవాణ్ని నేను. దొంగ యోగ్యతలు దేశాన్ని తినేస్తున్నాయని బల్ల గుద్ది వాదించి కప్పు గెలిచాను. ఆ నోటితోనే అబద్ధమాడాను.

అప్పట్లో నేనూ, చెన్నూరు వాడైన లచ్చన్నా ఒకే ఆచార్యుల దగ్గర గోండు గాథల మీద పరిశోధన చేస్తున్నాం. ఢిల్లీ సంస్థ ఒకటి పరిశోధక వేతనం ప్రకటించింది. దరఖాస్తు నేరుగా పంపకూడదు. విశ్వవిద్యాలయమే పంపాలి, అదీ శాఖకు ఒక్కటే. అభ్యర్థికి గోండీ వచ్చునని పర్యవేక్షకులు స్వయంగా పరీక్షించి ధ్రువీకరించాలి. మా ఆచార్యులకు గోండీ రాదు. నియమం రాసినవారికి ఈ సంగతి తట్టలేదు. ఎవరికి వారు ఒక గోండు మనిషిని తెచ్చుకొని, అతనితో మాట్లాడి, తనకు తెలుగులో చెప్పమన్నారు ఆచార్యులు.

"గిది రాకుంటే నా సదువు బంద్" అన్నాడు లచ్చన్న దారిలో.

ఆదిలాబాద్ డాక్‌బంగ్లా వరండాలో పరీక్ష. లచ్చన్న తెచ్చిన గోండు పెద్ద ఒక గాథ గబగబా చెప్పి పకపకా నవ్వాడు. "సగమే సమజైంది సార్. మిగిలింది మల్ల అడిగి చెప్త" అన్నాడు లచ్చన్న. ఆచార్యులు పెదవి విరిచారు.

నేను రమ్మన్న మనిషి రాలేదు. వచ్చినా, నాకు వచ్చిన గోండీ పలకరింపులతోనే అయిపోయేది. బంగ్లా వంటవాణ్ని పిలిచి, గోండేనని ఆచార్యులకు చెప్పాను. నిజానికి అతనిది మరాఠీ, ఆచార్యులకు అదీ రాదు. మేనత్త ఇంట్లో సెలవులు గడిపిన పుణ్యాన నాకూ వచ్చు. భోజనానికేముందని అడిగాను. కోళ్లు గుడ్లు పెట్టలేదనీ, చీకటి పడితే బజారులోనూ దొరకవనీ వాపోయాడు.

"ఏమంటున్నాడయ్యా?" అన్నారు ఆచార్యులు.

"ఆదిలో అంతా చీకటేనట సార్. అప్పటికింకా గుడ్డు పుట్టలేదట."

ఆచార్యుల కలం పరుగెత్తింది.

మెట్ల దగ్గర లచ్చన్న నన్ను ఆపాడు.

"గది మరాఠీ గాదుర?"

"మరి సార్‌కెందుకు చెప్పలే?" అన్నాను.

"సత్యం మీద కప్పు దెచ్చినోనివి గద. నువ్వే చెప్తవని జూసిన."

నేను చెప్పలేదు. ఎందుకు? అది అబద్ధం కాదు, అనువాదంలో తీసుకున్న స్వేచ్ఛ అని నాలో నేనే వాదించుకున్నాను. ఎదుటి పక్షమూ నేనే, న్యాయనిర్ణేతనూ నేనే కనుక ప్రతిసారీ గెలిచాను. వేతనం నాకొచ్చింది. లచ్చన్న ఇప్పుడు చొప్పదండిలో పిల్లలకు ఎక్కాలు చెబుతున్నాడు. నిరుడొక సభలో ఆచార్యులు గోండుల ఆదిమ అండం గురించి ఉపన్యసిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అందుకే మీకు చెబుతున్నాను. లోకం గుడ్డులోంచి పుట్టిందని ఏ గోండూ నాతో అనలేదు. ఆ పూట బంగ్లాలో గుడ్లు లేవు, అంతే. ఆచార్యులూ నేనూ పప్పుతో తిన్నాం. లచ్చన్న తినకుండానే బస్సెక్కాడు.