మాస్టారి మూడు చక్రాలు

మా లెక్కల మాస్టారు తలపుకొస్తే నాకు ముందు కోపమే వస్తుంది. రామచంద్రపురంలో వాళ్లింటి అరుగు మీద ఆయన సైకిలు ఇరుసుకి మూడు చెక్క చక్రాలు బిగించి, ఒక్కోదాని అంచున ఏడు స్వరాలూ రాశారు. తిప్పినప్పుడల్లా మూడు స్వరాల వరస ఒకటి వచ్చేది. పాడి చూసుకుని, "లెక్క కుదిరింది, పాట కుదర్లేదండి" అని కొట్టేసేవారు. ఆయన దగ్గర చదువుకున్న నన్నూ అండీ అనేవారు. అలా నోటుపుస్తకాల నిండా కొట్టేసి, మిగిలినవాటితో ఒకే ఒక్క కీర్తన కట్టారు.

రాజమండ్రి సభలో అది పాడేముందు ఆయన పేరు ప్రకటించమన్నాను. "చక్రం తిప్పితే వచ్చిందానికి పేరెందుకమ్మా, కానివ్వు" అన్నాడు, చక్రాల సంగతి ఎవరి నోటో విన్న సభ కార్యదర్శి.

చక్రం ఇచ్చినవన్నీ కొట్టేసిందెవరు? అతనికి తెలీదు. నాకు తెలుసు. మైకు నా ముందే ఉంది. అయినా పేరు చెప్పకుండానే పాడాను.

చివరి వరసలో కూర్చుని విన్న మాస్టారు బయట నన్ను చూసి నవ్వారు.

"లెక్క కుదిరిందండి" అన్నారు.

మిగతా సగం అనలేదు. ఆ మర్యాదకే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.