సైకిల్ టైరుకి పక్కన పడ్డ చిల్లి

మా చిన్నప్పుడు... పొద్దున్నే మా పెరట్లో ఇత్తడి బేసిన్ నిండా నీళ్ళు కనపడితే ఎవరో మొహం కడుక్కోబోతున్నారనుకునేరు. కాదు. మా అక్క సైకిల్ ట్యూబు ముంచి చూడడానికి.

మాది కామసముద్రం. ముందు గదిలో నాయన ధాన్యం అంగడి, వెనక మా కాపురం. అక్క పదో తరగతి బాగా పాసై కేజీఎఫ్‌లో కాలేజీలో చేరింది. ఏ ఆస్పత్రి ల్యాబులోనో తెల్లకోటు వేసుకుని పని చేయాలని ఒకటే పిచ్చి దానికి. బస్సు వేళలు కాలేజీకి కుదరవని నాయనే సైకిల్ కొనిచ్చాడు. ఊరంతా మెచ్చుకుంది.

దారి పొడుగునా తుమ్మముళ్ళు... మొదటిసారి పంక్చరైనప్పుడు అక్క ఊళ్ళో సైకిల్ అంగడిలో వేయించుకుని వచ్చింది. ఆ సాయంత్రం నాయన మొహం ముడుచుకున్నాడు.

"ఆడపిల్ల ఆ అంగడి ముందర అంతసేపు నిలబడేదేందమ్మణ్ణీ? చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

సరే, నిలబడనంది. ఇంట్లోనే నేర్చుకుంది.

రెండు పాత గరిటెల కాడలతో టైరు ఒక పక్క లేపేది. ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్ళలో ముంచి కొంచెం కొంచెంగా తిప్పేది. గాలి కొట్టడం నా పని... బుడగలు ఎక్కడ లేస్తాయో ముందు చూడాలని బేసిన్ మీదికి వంగిపోయేదాన్ని. చిల్లి దొరికితే తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, ఊదుతూ కాసేపు ఆగేది. తర్వాత పాత ట్యూబు ముక్క అంటించి రోకలిబండతో నాలుగు దెబ్బలు. చివర్లో టైరు లోపల వేలితో తడిమి ముల్లు పీకి పారేసేది. అది పీకకపోతే పడ్డ శ్రమంతా దండగ.

సాయంత్రం కేజీఎఫ్ బంగారు గనుల పక్కన పోసిన సైనైడు మట్టిదిబ్బల దుమ్ము తలనిండా పోసుకుని ఇంటికొచ్చేది... అయినా మొహం వెలిగిపోతూ ఉండేది.

రెండో ఏడు మొదలయ్యేసరికి చుట్టాల గుసగుసలు మొదలయ్యాయి. ఆ పిల్ల యాడికి పోతుంది, ఎవరితో మాట్లాడుతుంది... నాయన వాళ్ళకేమీ చెప్పలేదు. అక్కనీ ఏమీ అనలేదు. కానీ పంక్చర్లు ఎక్కువయ్యాయి. అదీ కాలేజీలో పరీక్ష ఉన్న రోజు తప్పకుండా! హాజరు తక్కువైందని కాలేజీలో చీవాట్లు. టైరు అరిగిందేమో, ముళ్ళు ఎక్కువయ్యాయేమో అని అక్క తననే తిట్టుకునేది.

ఒకరోజు టైరు లోపలంతా తడిమినా ముల్లు దొరకలేదు. ట్యూబులో చిల్లి చూస్తే పక్కన ఉంది. నేల తగిలే చోట కాదు... పక్కన! అక్క టైరుని వెలుతురుకి పట్టి చూసింది. టైరు పక్కభాగంలో గుండ్రంగా సన్నటి రంధ్రం. అంగడిలోకి వెళ్ళి, నాయన గోనెసంచులు కుట్టే దబ్బనం తెచ్చి ఆ రంధ్రంలో పెట్టింది. చక్కగా దిగింది.

దబ్బనాన్ని ఎక్కడిదక్కడ పెట్టేసి వచ్చి ప్యాచీ వేసుకుంది. నేను నోరు తెరవబోతే వేలు చూపించి ఆపింది.

ఆ రోజు నుంచి సైకిల్ మేం పడుకునే గదిలోకి వచ్చింది. ఎందుకని నాయన అడిగితే, "ఎలుకలు కొరుకుతా ఉండాయి నాయనా" అంది. కొన్నాళ్ళు ఒక్క పంక్చరూ లేదు.

ప్రాక్టికల్ పరీక్ష రోజు పొద్దున అక్క స్నానానికి వెళ్ళి వచ్చేలోపల రెండు టైర్లూ నేలకి అంటుకుపోయి ఉన్నాయి.

నాయన గుమ్మంలో కాఫీ తాగుతున్నాడు. "ఇంగ వదిలేయమ్మణ్ణీ. దేవుడికే ఇష్టం లేనట్లుండాది" అన్నాడు.

"దేవుడు మన అంగట్లో దబ్బనం ఎత్తుకోని వచ్చినాడా నాయనా?"

నాయన గ్లాసు కింద పెట్టి అంగడి తలుపులు తీయడానికి వెళ్ళిపోయాడు. అమ్మ మాత్రం పరుగున వచ్చింది. "నాయనతో అట్లేనా మాట్లాడేది? నోరు ముయ్యి!" అని అక్క మీదే విరుచుకుపడింది. ఆ పూట మా ఇంట్లో తప్పు చేసింది అక్కే అయింది.

రెండు చక్రాలకీ ప్యాచీలు వేసుకుని తొక్కుకుంటూ వెళ్ళింది. ఆలస్యమైందని పరీక్షకి లోపలికి రానివ్వలేదట. సాయంత్రం వచ్చి, అన్నం తిని, పడుకుంది. మర్నాడు వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. ఎందుకని నాయన అడగలేదు. ఏడాది తిరక్కుండా పెళ్ళి. సైకిల్‌ని నాయనే అంగడి పనికి వాడుకున్నాడు. దానికి పక్కన చిల్లి మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

ఇన్నేళ్ళైనా నాకు మింగుడు పడనిది ఒక్కటే. చదువు వద్దని నాయన ఎదురుగా చెప్పి ఉంటే అక్క ఏడ్చేది, అలిగేది, అన్నం మానేసేది... పోట్లాడడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. పంక్చరుతో ఎవరు పోట్లాడతారు?

మొన్న మా ఇంట్లో నామకరణం. పంక్తిలో కూర్చుని నాయన అందరికీ చెబుతున్నాడు... "ఈ ఊర్లో ఆడబిడ్డకి మొట్టమొదట సైకిల్ కొనిచ్చింది నేనే. చదివించల్లనే చూసినా. అదే మానుకునింది."

అక్క పాయసం వడ్డిస్తోంది. "అవు నాయనా" అని పక్క ఆకు దగ్గరికి జరిగింది.

ఇప్పుడు ఆ దారిలోనే ఆడపిల్లలు స్కూటీల మీద రయ్యిన పోతున్నారు. ట్యూబు లేని టైర్లట, ముల్లు దిగినా గాలి పోదట. చూస్తే సంతోషంగానే ఉంటుంది... కడుపులో మంట కూడా ఉంటుంది.

మీ ఇంట్లో కూడా చదువు "తనే మానుకున్న" అక్కో, పిన్నో, అత్తో ఉండే ఉంటుంది. ఎందుకు మానేసిందో కింద రాయండి. కానీ ఇంట్లో వాళ్ళని అడిగి కాదు... ఆమెని అడిగి.