అత్తయ్య పోట్లాడి నేర్చుకున్న భాషలు

మా అత్తయ్యకు పోట్లాడితే తప్ప భాష రాదు. అందరూ పుస్తకం కొనుక్కుంటారు, పాఠాలు వల్లె వేస్తారు, అద్దం ముందు నిలబడి "మీరెలా ఉన్నారు, నేను బాగున్నాను" అని తమకు తామే చెప్పుకుంటారు. అత్తయ్య పద్ధతి వేరు. కొత్త భాష మాట్లాడే మనిషి వీధిలోకి వచ్చాడని తెలిస్తే చాలు, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, తగాదాకు ఒక కారణం వెతుక్కునేది.

అత్తయ్య అంటే మా మేనమామ భార్య. ఓ పెద్ద అద్దె భవనం కింద వాళ్లకు ఇస్త్రీ దుకాణం ఉండేది. అత్తయ్య ఇస్త్రీ చేసేది, నేను మడతలు పెట్టేదాన్ని, మామయ్య బట్టలు పట్టుకుని మెట్లెక్కేవాడు. పైన ఎక్కడెక్కడి నుంచో పనుల కోసం వచ్చినవాళ్లు కాపురం ఉండేవారు. ఒక్కో వాటాలో ఒక్కో భాష. ఆ భాషల అసలు పేర్లు అత్తయ్యకు అక్కర్లేదు. ఎవరితో పోట్లాడి నేర్చుకుంటే వాళ్ల పేరే పెట్టేసేది. ప్లంబరు భాష, నర్సు భాష, డ్రైవరు భాష.

ప్లంబరు భాష వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. దుకాణం వెనక కొళాయి కారుతోందని అతన్ని పిలిచాం. పాపం, తలొంచుకుని పని చేసుకుంటున్నాడు. అత్తయ్య నడుం మీద చెయ్యి వేసుకుని వెనక నిలబడింది.

"వంకరగా బిగించావు."

"వంకర లేదమ్మా."

"ఉంది. నాకు కళ్లు లేవంటావా?"

అతను తన భాషలో ఏదో గొణిగాడు. అత్తయ్య ముఖం వెలిగిపోయింది.

"ఏమన్నావు?"

"ఏమీ అనలేదమ్మా."

"అన్నావు. నన్నే అన్నావు. మళ్లీ అను, నిదానంగా."

అతను మళ్లీ అన్నాడు. అత్తయ్య అప్పజెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు. "అలా పలికితే 'మంచి గుమ్మడికాయ' అవుతుందమ్మా. నాలుక పైకి ఆనించాలి."

"మరి నువ్వన్నదేమిటి?"

"మొండి గాడిద" అన్నాడు, తలుపు ఎంత దూరంలో ఉందో చూసుకుంటూ.

సాయంత్రం అయ్యేసరికి అత్తయ్యకు ఆ భాషలో మొండి గాడిద, ముసలి గాడిద, నిన్నటి గాడిద, రేపు రాబోయే గాడిద అన్నీ వచ్చేశాయి. ఆ హడావిడిలో కొళాయి సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

"మర్యాదగా నేర్చుకోవచ్చు కదా అత్తయ్యా?" అని ఒకసారి అడిగాను.

"మర్యాదకు భాషెందుకే? నమస్కారానికి రెండు చేతులు చాలు, సంతోషానికి ఒక నవ్వు చాలు. అదే, 'ఈ మరక నేను చెయ్యలేదు, మీరు తెచ్చినప్పుడే ఉంది' అని చెప్పాలనుకో. అప్పుడు కావాలి భాష. వ్యాకరణం కూడా కావాలి!"

ఇంతా చేస్తే మామయ్యకు ఒక్కటే భాష. అదీ పొదుపుగా వాడేవాడు. అత్తయ్య నేర్చుకున్నదంతా సాధన చేసేది మాత్రం ఆయన మీదే. పొద్దున్నే ఆయన టీ కలుపుతూ, "ఇవాళ ఏ భాషలో?" అనేవాడు.

"నర్సు భాషలో."

"కానియ్. అది వినడానికి బాగుంటుంది."

అలాంటి అత్తయ్యకు పై వాటాలోకి కొత్తగా దిగిన ఒక అమ్మాయి సవాలై కూర్చుంది. భర్త బేకరీలో పని, తెల్లారకముందే వెళ్లిపోయేవాడు. ఆమె, చిన్న కూతురు ఇంట్లో ఉండేవారు. మన భాషలో ఆమెకు వచ్చింది ఒకే మాట, "సరే". దానికి తోడు ఒక నవ్వు. కూరగాయలవాడు మెత్తబడ్డ టమాటాలు తూచి ఇస్తే, సరే. పక్కింటివాళ్లు పాత మంచం తెచ్చి ఆమె గుమ్మానికి అడ్డంగా వేస్తే, సరే. ఆమె, కూతురు పక్కవాటుగా దూరి ఇంట్లోకి వెళ్లేవారు. వీధంతా ఆమెను 'సరే అమ్మాయి' అనేది.

"ఈ పిల్ల చేత తిట్టించుకోకపోతే నేను ఇస్త్రీపెట్టె ముట్టను" అంది అత్తయ్య. ముట్టకపోతే దుకాణం నడవదు కనుక ఆ శపథం మధ్యాహ్నానికే సడలింది గానీ, పట్టుదల సడలలేదు.

మొదట అత్తయ్య ఆమె బట్టల మూటలో ఎవరిదో లావుపాటి మనిషి ప్యాంటు పెట్టి పంపింది. ఆమె తిరిగి తెచ్చి, నవ్వింది. అత్తయ్య ఈసారి తెల్ల చొక్కాకు ఎర్ర బొత్తాం కుట్టింది. ఆమె చూసుకుని, "సరే" అంది. ఇంకోసారి బట్టలన్నీ నలిపి నలిపి మరీ మడత పెట్టించింది నా చేత. అయినా సరే! అత్తయ్యకు అన్నం సహించకుండా పోయింది.

"ఎందుకత్తయ్యా ఆమె వెంట పడతావు? నవ్వుతూనే ఉందిగా" అన్నాను.

"అదేనే నా బాధ. ఆ నవ్వు చూశావా, బిగించి కట్టిన తాడులా ఉంది."

చివరికి అత్తయ్య ఒక ఘోరానికి ఒడిగట్టింది. ఆ పాపకు ఒక గౌను ఉండేది, దాని జేబు నిండా గులకరాళ్లు. వీధిలో నడిస్తే గలగలమని చప్పుడు. గౌను ఇస్త్రీకి రాగానే అత్తయ్య ఆ జేబు మూతిని సూదీ దారంతో కుట్టేసింది.

కాసేపటికి మెట్ల మీద పాప ఏడుపు, వెనకే తల్లి. ఈసారి నవ్వు లేదు. గౌను బల్ల మీద విసిరి, జేబు చూపించి, నోరు తెరిచింది. ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకుందో ఏమో, ఏరు పొంగినట్టు తిట్లు! టమాటాలు, మంచం, ఎర్ర బొత్తాం అన్నీ అందులో ఉండే ఉంటాయి. నాకు ముక్క అర్థం కాలేదు గానీ రెండడుగులు వెనక్కి వేశాను.

అత్తయ్య మాత్రం బల్ల మీదికి వంగింది. "ఆఁ, అదీ! మళ్లీ అను, నిదానంగా."

ఆమె బిత్తరపోయింది. అత్తయ్య విన్నదాన్ని విన్నట్టు పలకబోయింది. పాప ఏడుపు ఆపి పకపకా నవ్వింది. ఏం పలికిందో మరి, తల్లికీ నవ్వు ఆగలేదు. ఆ నవ్వు వేరు. అత్తయ్య జేబు కుట్లు విప్పేసి, ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, "ఇప్పుడు ఈ ఊరి భాషలో తిట్టు" అంది.

అప్పటి నుంచి రోజూ దుకాణంలో పాఠం. "ఇది కుదరదు." "మంచం తియ్యి." "ఈ మరక నేను చెయ్యలేదు." మొదటివారంలోనే గుమ్మం ముందు మంచం మాయమైంది.

ఇంతలో పాపకు చెవిపోటు, ఒళ్లు కాలిపోయే జ్వరం. భర్త పనిలో ఉన్నాడు. ఆమె పాపను ఎత్తుకుని పరిగెత్తుకొచ్చింది. ముగ్గురం క్లినిక్‌కు వెళ్లాం. అక్కడ వరస చూసే మనిషి, వెనక వచ్చిన వాళ్లను ఒక్కొక్కరినే లోపలికి పంపుతున్నాడు. ఈమె లేవబోతే చెయ్యి అడ్డం పెట్టి, "కూర్చో, కూర్చో" అంటున్నాడు. ఆమె పాత అలవాటు కొద్దీ నవ్వి కూర్చుంటోంది. నేను లేవబోయాను. అత్తయ్య నా మోచెయ్యి పట్టి లాగింది.

"పాప మూలుగుతోంది అత్తయ్యా!"

"వింటూనే ఉన్నాను. ఇంకొక్కడు ముందు వెళ్లాడా, నేనే లేస్తాను" అంది పంటి బిగువున. ఇన్ని భాషల్లో నోరున్న మనిషి, ఆ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

కోటు వేసుకున్న ఒకాయన ముందుకు కదిలాడు. సరే అమ్మాయి లేచి నిలబడింది.

"ఆగు! ఇది కుదరదు! వరస నాది!" హాలంతా తిరిగి చూసింది. ఇంకా మాటలు కావాలి, వచ్చినవి అయిపోయాయి. ఆమె తడుముకోలేదు. "మంచం తియ్యి! ఈ మరక నేను చెయ్యలేదు!"

"ఏ మరక?" అన్నాడు వరస చూసే మనిషి, తన చొక్కా చూసుకుంటూ.

"నాకు తెలీదు! వరస నాది!"

అతను తలుపు తీసి పట్టుకున్నాడు. డాక్టరు చెవిలో చుక్కల మందు వేశాడు. పాప తల్లి భుజం మీదే నిద్రపోయింది.

దుకాణానికి తిరిగొచ్చాక అత్తయ్యను అడిగాను. "నువ్వే ఓ కేక వేస్తే పనైపోయేది కదా?"

"ఇవాళ్టి పని అయ్యేది. రేపు దాని పక్కన నేనుంటానా?" ఇస్త్రీపెట్టె వేడి చూస్తూ అంది. "నేనూ అలా వచ్చినదాన్నేనే. పెళ్లై ఈ ఊరు వచ్చేసరికి మీ భాషలో ఒక్క ముక్క రాదు. అందరికీ నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టేవి. కోపం చూపించలేని మనిషి ఇంట్లో ఉన్నా చుట్టం కిందే లెక్క."

"మరి ఎవరితో పోట్లాడి నేర్చుకున్నావు?"

అత్తయ్య మామయ్య వైపు చూసింది. ఆయన మూట కడుతూ సిగ్గుపడ్డాడు.

"నువ్వా మామయ్యా? నువ్వు జన్మలో ఎవరితోనైనా పోట్లాడావా?"

"ఏం చెయ్యను మరి? రోజంతా నవ్వేది, పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చేది. అందుకని దువ్వెన దాచేశాను. చెప్పులు దాచేశాను. దిండు కూడా దాచాక నోరు విప్పింది" అన్నాడు. మూట భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "మొదలుపెట్టడం నేర్పాను గానీ, ఆపడం నేర్పడం మరిచిపోయానే!"

అత్తయ్య వెంటనే బేకరీ భాషలో అందుకుంది. మామయ్య చెవి ఒగ్గి, చివరిదాకా విని, కొత్త భాష బాగుందన్నట్టు తలూపి, మెట్లెక్కాడు.