గుమాస్తాగారి ఇటలీ భాష

నస్పూర్ దగ్గర ఒక మిషన్ దవాఖానలో నేను నర్సు పని నేర్చుకుంటున్న రోజుల్లో అక్కడి గుమాస్తా మాకు ఇటలీ భాష చెప్పేవాడు. ఫాదరు, సిస్టరమ్మలు ఇటలీవాళ్లు. మాకు నాలుగు మాటలైనా రావాలని ఫాదరు ఆయనకు అప్పగించాడు. ఆయనకు వచ్చినవీ ఆ నాలుగే.

"మాట ఎన్క ఓ ఉంటే మగోడు, ఆ పెడితే ఆడది. గంతే. మగోన్ని పట్టుకుంటే ఆడది ఎన్కనే వస్తది," అని తన మాటకు తనే నవ్వుకునేవాడు. అన్న ఫ్రతెల్లో గనుక అక్క ఫ్రతెల్లా అనీ, మొగుడు మరీతో గనుక పెళ్లాం మరీతా అనీ మాచేత రాయించాడు.

ఒకనాడు ముసలి సిస్టరమ్మను నేను ఫ్రతెల్లా అని పిలిచాను. ఆమె నన్ను కూర్చోబెట్టి పాత మందుచీటీ వెనక జతలు రాసిచ్చింది. అక్క సొరెల్లా, పెళ్లాం మొల్యే. అల్లుడు జెనెరో, కోడలు నువోరా. ఆ చీటీ చూపిస్తే, "సిస్టరమ్మకు వయసు మీద పడ్డది," అన్నాడు గుమాస్తా. మన భాషలో మాత్రం అల్లుడి తోక మారిస్తే కోడలు అవుతుందా? అంతమాత్రం తట్టని తల అది.

ఆ వానాకాలం ఇటలీ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆమెకు తెలుగు రాదు. ఆమె మాటలు తెలుగులో చెప్పడానికి గుమాస్తా ఇస్త్రీ కోటు తొడుక్కొని పక్కన నిలబడ్డాడు. నొప్పులు పడుతున్న ఒక పిల్లను అత్త బండిలో తీసుకొచ్చింది. డాక్టరమ్మ ఆ పిల్లను చూపిస్తూ, "నువోరా?" అని ముసలామెను అడిగింది.

గుమాస్తా క్షణం కూడా ఆలోచించలేదు. "అవ్వా, నోరు తెరువు. డాక్టరమ్మ నోరు సూస్తదట."

"నొప్పులు కోడలికి బిడ్డా, నా నోరెందుకు?" అంటూనే పాపం ఆమె నోరు తెరిచింది. డాక్టరమ్మ తెల్లబోయింది. మంచం మీద పిల్ల మెలికలు తిరుగుతోంది.

నేను ముందుకు వచ్చి, అవునని తలూపి, "సీ, నువోరా," అన్నాను. తర్వాత డాక్టరమ్మ నా వైపే తిరిగి, మిగతావన్నీ సైగలు కలిపి అడిగింది. బిడ్డ అడ్డం తిరిగిందని తేలింది. జీపులో పెద్ద దవాఖానకు పంపించారు. తల్లీ బిడ్డా దక్కారు.

గుమాస్తా మాత్రం, "ఆ డాక్టరమ్మది పల్లెటూరి ఇటలీ," అని అందరికీ చెప్పుకున్నాడు. వారం తర్వాత స్టోరు దగ్గర నన్ను ఆపి, మొహం గోడ వైపు పెట్టి, "గా చీటీ జర నాకు రాసియ్యి," అన్నాడు.

"సిస్టరమ్మను అడుగుండ్రి సార్," అన్నాను.

చాటుగా చీటీ అడిగాడు గాని, ఒక ఆడమనిషి ముందు కూర్చొని నేర్చుకోవడం ఆయనవల్ల కాలేదు. డాక్టరమ్మ ఉన్నన్నాళ్లూ వార్డు గడప తొక్కలేదు. జాలి పడమన్నారు తోటి నర్సులు. నాకు రాలేదు.