బొట్టు పెట్టిన కార్బన్ చక్రాలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఉక్కునగరంలో కొత్త ఉద్యోగం, సైకిల్ రేసుల పిచ్చి, అరచేతిలో ఫోను. ఇక ఒకరి సలహా ఎందుకు? అయినా మా బావ (అక్క భర్త) తన పాత అల్యూమినియం చక్రాలతోనే ప్రతి ఆదివారం నన్ను వెనక్కి నెట్టేసేవాడు. ఒళ్ళు మండి, భీమిలి దాకా వెళ్ళి వచ్చే రేసులో ఆయన్ని ఓడిస్తానని పందెం కాశాను. ఓడినవాడు ఏడాది పాటు గెలిచినవాణ్ణి నలుగురిలోనూ "గురువుగారూ" అని పిలవాలి. బావ నోట ఆ మాట వినడమే అప్పటికి నా జీవితాశయం.

అందుకు కార్బన్ చక్రాలే మార్గమని తేల్చుకున్నాను. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన సైకిల్ షాపు నడిపే భాయ్ రెండు జతలు చూపించాడు. ఒకటి లోతు తక్కువ రిమ్ములు, రోజూ తొక్కడానికీ రేసుకీ పనికొచ్చేవి. రెండోది నాలుగు వేళ్ళ లోతున్న నల్లటి రిమ్ములు, తిప్పితే బుయ్యిమని చప్పుడు. ఆ చప్పుడు వినగానే నాకున్న కాస్త తెలివీ ఎగిరిపోయింది. "ఇవి మన ఊరికి ఒద్దు బాబూ, బీచి రోడ్డు గాలికి పక్కకి తోసేత్తాయి. అంతగా కావాలంటే వారం రోజులు వీటి మీదే ప్రాక్టీస్ సెయ్. కార్బన్ మీద బ్రేకు వేరేగా ఉంటాది," అన్నాడు భాయ్. "రేసు చక్రాలు రేసుకే భాయ్, ప్రాక్టీసుకి పాతవి సాల్లే," అన్నాను (ప్రపంచ ఛాంపియన్లందరి తరఫునా).

అమ్మ ఊరుకుంటుందా? కొత్త బండి కొంటే సింహాచలంలో పూజ జరగాల్సిందే. రెండు చంకల్లో ఆ నల్ల చక్రాలు రెండూ పెట్టుకుని కొండెక్కాను. "బండేది బాబూ?" అన్నారు పంతులుగారు. "ఇంటికాడుందండి, సక్రాలే కొత్తవి," అంది అమ్మ. నున్నటి కార్బన్ మీద పసుపూ కుంకుమా నిలవక రాలిపోతుంటే ఆవిడ ప్రాణం ఉసూరుమంది. ఇంటికొచ్చాక కొబ్బరినూనెలో పసుపు కలిపి, గుమ్మానికి పెట్టినట్టు రిమ్ముల చుట్టూ వరసగా బొట్లు పెట్టేసింది. ఆదివారం పొద్దున్న చక్రాలు బిగించాక, రేసులో నవ్వుతారని సిగ్గేసి తువ్వాలుతో అన్నీ తుడిచేశాను. నేను చేసింది తుడవడం కాదనీ, నూనెని బ్రేకు రబ్బర్లు ఒరుసుకునే రిమ్ములకి సమానంగా పట్టించడమనీ తరువాత తెలిసింది.

ఆ ఉదయం గాలి లేదు. బుయ్యిమంటూ దూసుకుపోతుంటే బావ వెనకబడిపోయాడు. దారిలో బ్రేకు అవసరం రాలేదు, వచ్చినా వేసే మూడ్‌లో నేను లేను. భీమిలి దగ్గర వెనక్కి మళ్ళాల్సిన చోట గట్టిగా నొక్కాను. కొబ్బరినూనె వాసన మాత్రం కమ్మగా వచ్చింది. రోడ్డు వదిలేసి, ఇసకలోకి దిగి, ఎండబెట్టిన చేపల మీద బోర్లా పడ్డాను.

"ఏటిరా నాయినా, పడ్డానికి నా సేపలే దొరికాయేటి?" అంటూ వాటి సొంతదారైన మామ్మ చీపురెత్తింది. "ఒక్కోటీ ఏరి, ఇసక దులిపి, మళ్ళీ ఎండేసి అప్పుడెల్లు!"

ఏరుతుంటే బావ వచ్చాడు. ముందు పొట్ట పట్టుకుని నవ్వాడు. తరువాత సైకిల్ పక్కన పడుకోబెట్టి, నాతో పాటు చేపలు ఏరడం మొదలెట్టాడు.

"నువ్వెల్లు బావా, గెలిసేత్తావు."

"గెలిసి ఏటి సేత్తాను? తమ్ముడేడని మీ అక్క అడిగితే, సేపల్లో వొగ్గేసేనని సెప్పనా?"

ఆ మాటకి నాకు కళ్ళు చెమర్చాయి (ఉప్పు చేపల వల్లేనని అప్పుడు బుకాయించాను). తిరుగు ప్రయాణంలో బూటు నేలకి రాస్తూ, నెమ్మదిగా, అందరికన్నా వెనక ఇద్దరం పక్కపక్కనే వచ్చాం. గెలుపు ఆయనదేనని మనసులో ఎప్పుడో ఒప్పేసుకున్నాను. చివరి గీత ముందు చిన్న పల్లం. బావని ముందు పోనిద్దామని గౌరవంగా, అలవాటు కొద్దీ బ్రేకు నొక్కాను. అది పడలేదు. నన్ను ముందు పోనిద్దామని ఆయనా నొక్కాడు. ఆయనది పడింది. అలా పందెం నేను గెలిచాను.

మాట తప్పే మనిషి కాదు మా బావ. ఏడాది పాటు పెళ్ళిళ్ళలో, క్యాంటీన్లో, బస్‌స్టాపులో, రోడ్డుకి అవతలి వైపు నుంచి కూడా, "ఏటి గురువుగారూ, సేపలు ఎండాయా?" అని అరిచేవాడు. ఆ గడువు తీరిపోయి చాలాకాలమైంది. ఇప్పుడు నేను భాయ్ చూపించిన లోతు తక్కువ రిమ్ములే వాడుతున్నాను, అమ్మ హ్యాండిల్‌కి పెట్టిన బొట్టు తుడవకుండా రేసుకెళ్తున్నాను. బావ మామూలుగా పేరు పెట్టి పిలుస్తున్నాడు. నిజం చెప్పాలంటే, భీమిలి మలుపులో ఎండు చేపల వాసన తగిలినప్పుడల్లా, ఒక్కసారి "గురువుగారూ" అంటే బావుణ్ణని వెనక్కి తిరిగి చూస్తుంటాను.