అర్థమైందని చెప్పాను

నా చిన్నప్పుడు, ఎనభైల తొలినాళ్లలో, బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో సాయంత్రాలు ఎంతకీ గడిచేవి కావు. అందరికీ కాదు లెండి, నాకు. మా అమ్మ పురిటికని శ్రీకాకుళం వైపు పుట్టింటికి వెళ్లి, అక్కడే జబ్బుపడి నెలల తరబడి ఉండిపోయింది. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. సైరను కూసి, ఆయన సైకిలు మీద వచ్చేదాకా ఇంటికి తాళమే. చదువు పాడవుతుందని నన్ను అమ్మతో పంపలేదు. ఆ చదువు ఏపాటిదో ఇప్పుడు చెబుతాను, వినండి.

మా తెలుగు బడి గంట కొట్టగానే పిల్లలంతా పొలోమని పోయేవారు. నేను నాలుగో తరగతి గదిలో వెనక బెంచీ మీద కూర్చునే ఉండేదాన్ని. ఇంకో మనిషి కూడా ఇంటికి వెళ్లేది కాదు. మా టీచరమ్మ. ఆ ఏడే పల్లె నుంచి కొత్తగా వచ్చి, తాల్‌బగీచా పేటలో ఒక గది అద్దెకు తీసుకుంది. బెంగాలీ ముక్క రాదు. కూరల దుకాణంలో నోరు తెరవడానికే జంకేది. నాలుగు గోడల మధ్యకు పోయి చేసేదేముందనుకుందో ఏమో, మరునాటి పాఠాన్ని ఖాళీ బెంచీలకు చెప్పుకుంటూ అక్కడే ఉండేది. ఒకసారి చెప్పి, చాలక, బోర్డు తుడిచి మళ్లీ మొదలుపెట్టేది. అలా తన పాఠాన్ని తానే దిద్దుకునే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నెలాఖరున ఇన్‌స్పెక్టరుగారు వచ్చి పాఠం విని, బాగుందంటే ఉంచుతారు, లేదంటే పంపేస్తారు. ఒకరోజు నేనేదో పెద్దదాన్నయినట్టు నాతోనే అనేసింది. "ఇక్కడ కుదరకపోతే నాకు ఇంకో చోటు నేదే తల్లీ." ఆ మాట నా గుండెల్లో నాటుకుపోయింది. ఆమె వెళ్లిపోతే ఆ గదిలో నేనొక్కదాన్నే మిగులుతాను. నా భయమల్లా అదే.

ఇన్‌స్పెక్టరు ముందు చెప్పాల్సిన పాఠం భిన్నాలు. సగం, పావు, ముప్పావు. ఆమె తన పల్లెలో ధాన్యం కొలిచే కుంచంతో చెప్పేది. కుంచానికి నాలుగు మానికలు, కాబట్టి ముప్పావు కుంచమంటే మూడు మానికలు. చెయ్యి గాల్లోకి ఎత్తి, లేని ధాన్యాన్ని లేని కుంచంలో పోసి, పైన అరచేత్తో చదును చేసేది. ఎంత ముచ్చటగా ఉండేదో! నాకు మాత్రం ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు. మేం రైల్వే కాలనీ పిల్లలం. బియ్యమంటే రేషన్ దుకాణంలో కిలోలు. కుంచం ఎలా ఉంటుందో నేను కళ్లతో చూడలేదు. బుట్ట లాంటిదో కుండ లాంటిదో అనుకునేదాన్ని.

రోజూ పాఠం అయ్యాక నా వైపు తిరిగి అడిగేది.

"ఏటే, అర్థమైనాదా?"

"అర్థమైపోనాది టీచరు."

"ఎక్కడైనా ఇబ్బందిగా ఉన్నాదా?"

"నేదు టీచరు. బాగుంది."

ఆమె ముఖం విప్పారేది. సంచిలోంచి మరమరాల పొట్లం తీసి నాకు సగం పెట్టేది. అర్థం కాలేదంటే ఆ ముఖం వాడిపోతుందని, బెదిరిపోయి ఊరికి పోతుందని నా గోల. జవాబులు మాత్రం బట్టీ పట్టేశాను.

ఇన్‌స్పెక్టరుగారు వచ్చిన రోజు ఆమె పాఠం చక్కగా చెప్పింది. చివర్న ఎవరినైనా లేపమన్నారాయన. ఆమె వెతకనైనా లేదు. నవ్వుతూ నన్నే లేపింది. ఆయన రెండు కుంచాల్లో పావు ఎంతమ్మా అని అడిగారు. అది నా బట్టీలో లేదు. ఆయన మంచివారే, మెల్లగా అడిగారు, అసలు కుంచం అంటే ఏమిటో చెప్పగలవా అని. తెలీదండీ అన్నాను. తెలిసినవాళ్లు చెయ్యెత్తండి అన్నారు. గదిలో ఒక్క చెయ్యీ లేవలేదు. ఆయన ఏదో రాసుకుని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఆమె పాఠం చెప్పుకోలేదు. కుర్చీలో ఊరికే కూర్చుంది. నేనే దగ్గరికి వెళ్లి, వెక్కి వెక్కి ఏడుస్తూ అంతా చెప్పేశాను.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు సెప్పనేదే?"

"మీరు ఎళిపోతారని."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అంది. "నీ తప్పు కాదు తల్లీ. అర్థమైనాదా అని అడిగితే ఎవులైనా కాదంటారా? మీ ఊర్లో ఏటున్నాదో తెలుసుకోకుండా మా ఊరిని తెచ్చి మీ ముందు పెట్టినాను. రా, మీ ఊరు నాకు సూపించు."

స్టేషను వంతెన మీదికి తీసుకెళ్లాను. కింద యార్డులో రైలు పెట్టెలు బారుగా ఉన్నాయి. స్లీపరు పెట్టె లోపల ఎలా ఉంటుందో నేను చెబుతుంటే ఆమె పుస్తకంలో రాసుకుంది. మా నాన్న బాగుచేసేవే కదా, నాకు కంఠస్థం. ఒక్కో గదికి ఎనిమిది బెర్తులు, అటు మూడు, ఇటు మూడు, దారికి అవతల పక్క బెర్తులు రెండు. మరునాడు తరగతి నేల మీద సుద్దతో ఆ ఎనిమిదీ గీసి పిల్లల్ని కూర్చోబెట్టింది. పక్క బెర్తుల ఇద్దరూ పావు, మిగిలిన ఆరుగురూ ముప్పావు. గది దద్దరిల్లిపోయింది. రెండు గదులైతే పావు ఎంత అని అడగ్గానే నలభై గొంతులు నాలుగని అరిచాయి. నేనూ అరిచాను, ఈసారి నిజంగా తెలిసి. ఆ పాఠం వినడానికి ఇన్‌స్పెక్టరు లేడు.

పదిరోజులకు కాగితం వచ్చింది, ఆమెను ఉంచడం లేదని. చెప్పినట్టే ఆమెకు ఇంకో చోటు లేదు, అయినా వెళ్లాల్సి వచ్చింది. ఎక్కడికి వెళ్లిందో, మళ్లీ ఎక్కడైనా పాఠం చెప్పిందో ఈనాటికీ నాకు తెలియదు. తరవాత చాలా సాయంత్రాలు నేను ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చున్నాను.

పెద్దయ్యాక నేనూ టీచర్నే అయ్యాను. ముప్పై ఏళ్లు చెప్పాను. అర్థమైందా అని ఏ పిల్లనీ అడగలేదు. ఎక్కడ తప్పిపోయావో చూపించు అనేదాన్ని. ఇప్పుడు చుట్టుపక్కల బడుల్లో కొత్తగా చేరిన అమ్మాయిలు పాఠాలు తయారుచేసుకుని మా ఇంటికొస్తారు, ఒకసారి విని చెప్పండి ఆంటీ అంటారు. వింటాను. నాకు ఎక్కడ తెలియలేదో అక్కడ ఆపేసి మొహం మీదే చెబుతాను. కొందరు చిన్నబుచ్చుకుని మళ్లీ రారు. వాళ్లు గేటు వేసుకుని వెళ్తుంటే నాకూ దిగులే, ఇల్లంతా బోసిపోతుంది. ఒక్క అబద్ధం ఆడితే రేపు కూడా వస్తారని తెలుసు. అయినా ఆడను. బాగుంది టీచరూ అని రోజూ చెప్పి ఒక మనిషిని ఊరు దాటించినదాన్ని.